మెనూ కంటే ముందు క్యూ: ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో అభిమానుల కోసం డబ్బు దేని మీద పెట్టాలి?

క్లబ్ చేతిలో కొంత డబ్బు ఉంది. ఈ సీజన్‌లో మ్యాచ్‌కి వచ్చేవాళ్ల కోసం ఏదో ఒకటి బాగుచేయాలని కమిటీ అనుకుంది. వాదన అక్కడే మొదలవుతుంది. ఒకరు కొత్త ఫుడ్ స్టాళ్లు కావాలంటారు. ఇంకొకరు ముందు ధరలు తగ్గించమంటారు. కుర్రాళ్లేమో నిలబడి పాడుకోవడానికి ఒక స్టాండ్ ఇమ్మంటారు. మార్కెటింగ్ వాళ్లకి గేటు బయట ఫ్యాన్ జోన్ కావాలి, అంటే మ్యాచ్‌కి ముందు జనం తిని, తాగి, కాలక్షేపం చేసే చోటు. ఈలోగా ఎవరో ఒకరు బీరు సంగతి ఎత్తుతారు, ఇక ఆ మీటింగ్ తెమలదు. అడిగినవన్నీ న్యాయమైనవే. కానీ అన్నీ ఒకేసారి చేసే స్తోమత పెద్ద క్లబ్బులకి కూడా ఉండదు.

ఇలాంటి మీటింగుల్లో కూర్చునేవాళ్ల కోసమే ఈ పోలిక. క్లబ్ కమిటీలో ఉన్నా, అభిమానుల సంఘం నడుపుతున్నా, గ్రౌండ్ నిర్వహణ చూస్తున్నా పనికొస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తిండి ఎంత రుచిగా ఉందన్నదాని మీద అందరికీ శ్రద్ధ ఉంటుంది. అది ఎంతసేపట్లో చేతికి వస్తుందన్నది మాత్రం ఎవరికీ పట్టదు. ఇక వాతావరణం డబ్బు పెట్టి కొనుక్కొచ్చే సరుకు కాదు. సందడి చేసేవాళ్లు ఎలాగూ ఉన్నారు, వాళ్లకి సరైన చోటు చూపించడమే క్లబ్ పని.

ముందు చూడాల్సిన లెక్కలు

అన్నిటికంటే ముందు సమయం. క్రికెట్‌లో ఓవర్ల మధ్య లేచి వెళ్లి ఏదైనా తెచ్చుకోవచ్చు. బేస్‌బాల్‌లో, అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆట ఆగుతూనే ఉంటుంది. ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. 45 నిమిషాలు కళ్లు తిప్పుకోకుండా చూడాలి, ఆట నియమాల ప్రకారం విరామం 15 నిమిషాలు మించకూడదు. గ్రౌండ్ లోపలి అమ్మకాల భారమంతా దాదాపు ఆ పావుగంట మీదే పడుతుంది. టాయిలెట్‌కి వెళ్లడం కూడా ఆ పావుగంటలోనే.

చిన్న లెక్క వేద్దాం. ఒక స్టాండ్‌లో 5,000 మంది ఉన్నారనుకోండి. హాఫ్‌టైమ్‌లో వాళ్లలో నాలుగోవంతు, అంటే 1,250 మంది కౌంటర్ల దగ్గరికి వచ్చారు. మనిషికి 45 సెకన్లు పడితే పావుగంటలో ఒక కౌంటర్ 20 మందికే ఇవ్వగలదు. అందరికీ అందాలంటే 63 కౌంటర్లు కావాలి. అన్ని కౌంటర్లు పెట్టే చోటు ఎక్కడుంది? అదే మనిషికి 20 సెకన్లే పట్టేలా చేస్తే 28 కౌంటర్లతో సరిపోతుంది. ఒక్క వంటకం మారలేదు, ఒక్క గోడ కూలగొట్టలేదు. మనిషికి 25 సెకన్లు మిగిల్చారు, అంతే.

ఆ సెకన్లు మిగల్చకపోతే ఏమవుతుంది? క్యూ పొడవు చూసి కొందరు ఉత్త చేతులతో వెనక్కి పోతారు, ఆ డబ్బు క్లబ్‌కి రాదు. కొందరు తెలివిగా 40వ నిమిషంలోనే లేచి వెళ్తారు, వాళ్లు మొదటి సగం చివర్లో పడే గోల్ చూడలేరు. ఓపిక పట్టి నిలబడ్డవాళ్లు రెండో సగం మొదలైన ఐదు నిమిషాలకి కప్పులు పట్టుకుని, అందరి మోకాళ్లూ తొక్కుతూ సీటుకి చేరతారు. జట్లు బయటికి వచ్చేసరికి సగం స్టాండ్ ఖాళీగా ఉంటే పాట ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే తిండి సంగతి ఒక కమిటీకి, వాతావరణం సంగతి ఇంకో కమిటీకి అప్పగించడం దండగ.

రెండో లెక్క డబ్బు. ఒక్కసారి పెట్టే ఖర్చు వేరు, ప్రతి మ్యాచ్‌కీ పెట్టాల్సిన ఖర్చు వేరు. మొదటిది దాతలిచ్చిన డబ్బుతో గట్టెక్కుతుంది, రెండోదానికి రాబడి కావాలి. మూడోది, లాభం ఎవరికి. పిల్లలతో వచ్చేవాళ్లకి, గోల్ వెనక చేరి పాడేవాళ్లకి, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లకి, దూరం నుంచి వచ్చిన ప్రత్యర్థి జట్టు అభిమానులకి కావలసినవి ఒకటి కావు. ఆ తర్వాత చట్టం ఒప్పుకుంటుందా, నచ్చకపోతే వెనక్కి తీసుకోగలమా అన్నవి చూడాలి. ఈ చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. ఫుడ్ స్టాల్ వచ్చేవారానికి ఎత్తేయొచ్చు. ఒక స్టాండ్ స్వరూపం మార్చాక మళ్లీ మొదటికి తేవడం అంత సులువు కాదు.

ఒక్క చూపులో

| మార్గం | మొదటి ఖర్చు | ప్రతి మ్యాచ్ ఖర్చు | హాఫ్‌టైమ్ క్యూ | గ్రౌండ్ లోపల సందడి | వెనక్కి తీసుకోవడం |
|---|---|---|---|---|---|
| సర్వీస్ వేగం పెంచడం | మధ్యస్థం | సిబ్బంది జీతాలు | బాగా తగ్గుతుంది | పరోక్షంగా మేలు | తేలిక |
| ధరలు తగ్గించడం | దాదాపు లేదు | లాభంలో కోత పడొచ్చు | వేగం పెంచకపోతే పెరుగుతుంది | పరోక్షంగా మేలు | కష్టం |
| మెనూ మార్చడం | తక్కువే | ముడిసరుకు, వృథా | తరచూ పెరుగుతుంది | పెద్దగా ఉండదు | తేలిక |
| సీట్ల దగ్గర మద్యం | తక్కువ | స్టీవార్డులు (జనాన్ని అదుపులో ఉంచే సిబ్బంది), శుభ్రం చేయడం | తగ్గొచ్చు | మంచీ చెడూ రెండూ | చట్టాన్ని బట్టి |
| నిలబడే స్టాండ్ | ఎక్కువ | తక్కువ | తేడా ఉండదు | అన్నిటికంటే ఎక్కువ | చాలా కష్టం |
| ఫ్యాన్ జోన్ | మధ్యస్థం | సిబ్బంది, సామగ్రి అద్దె | కొంత తగ్గుతుంది | గేటు బయటే ఎక్కువ | తేలిక |
| లైట్లు, మ్యూజిక్ | మధ్యస్థం | తక్కువ | తేడా ఉండదు | తరచూ చెరుపే | తేలిక |

సర్వీస్ వేగం పెంచడం

ఫొటోల్లో పడే పని కాదు కాబట్టి దీనికి మీటింగుల్లో ఓట్లు తక్కువ. నన్నడిగితే మొదటి రూపాయి ఇక్కడే పెట్టమంటాను.

ఖర్చు లేని మార్పులతో మొదలుపెట్టండి. బోర్డు మీద పద్నాలుగు రకాలుంటే కౌంటర్ దగ్గరికి వచ్చాకే ఆలోచన మొదలవుతుంది, వెనకున్నవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. ఐదో ఆరో ఉంటే క్యూలో ఉండగానే నిర్ణయం అయిపోతుంది. ధరలు చిల్లర అక్కర్లేకుండా రౌండ్ ఫిగర్‌లో పెట్టండి. టీ, నీళ్లు మాత్రమే కావలసినవాళ్లకి వేరే కౌంటర్ ఉంచండి, బర్గర్ కాలేదాకా టీ మనిషిని నిలబెట్టడం అన్యాయం. ధరల పట్టిక కౌంటర్ వెనక గోడ మీద కాకుండా క్యూ చివర్లో ఉన్నవాళ్లకి కనిపించే ఎత్తులో వేలాడదీయండి. క్యూ నడవాకి అడ్డంగా పాకి టాయిలెట్ దారిని మూసేయకుండా నేల మీద గీతలు గీయండి.

తర్వాతిది యంత్రాలు. లండన్‌లో 2019లో తెరిచిన టాటెన్‌హామ్ హాట్‌స్పర్ స్టేడియంలో బీరు గ్లాసులు అడుగు నుంచి నిండుతాయి. గ్లాసుని యంత్రం మీద పెట్టి వదిలేస్తే దానంతటదే నిండుతుంది, ఈలోగా ఆ మనిషి డబ్బు తీసుకుంటాడు. అదే స్టేడియంలో 65 మీటర్ల పొడవున్న బార్ కూడా ఉంది. జనం ఒక చోట ముద్దకట్టకుండా పొడుగునా పరుచుకుంటారు. మీకు 65 మీటర్లు అక్కర్లేదు. ఒకే మూలలో నాలుగు కౌంటర్లు కుక్కేబదులు రెండు మూలల్లో రెండేసి పెట్టినా అదే సూత్రం.

ఫోన్‌లో ఆర్డర్ పెట్టే యాప్ గురించి మాత్రం కొంచెం జాగ్రత్త. అమ్మేవాళ్లు చూపించే డెమో బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ హాఫ్‌టైమ్ విజిల్ పడగానే వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తారు. నెట్‌వర్క్ మొండికేసేది సరిగ్గా అప్పుడే. గ్రౌండ్‌లో సొంత వైఫై గట్టిగా లేకపోతే ఆ యాప్ వల్ల చెల్లించే క్యూ పోయి తీసుకునే క్యూ వస్తుంది. సీట్ల మధ్య ట్రే పట్టుకుని తిరిగి అమ్మేవాళ్లు పాత పద్ధతే అయినా వయసు మీదపడ్డవాళ్లకి, చిన్నపిల్లలతో వచ్చినవాళ్లకి అంతకంటే మేలు. ఆట నడుస్తుండగా కళ్లకి అడ్డం రాకుండా చూసుకుంటే చాలు.

కార్డు మాత్రమే తీసుకోవడం వల్ల వేగం నిజంగానే పెరుగుతుంది. అమెరికాలో, అట్లాంటాలోని మెర్సిడెస్-బెంజ్ స్టేడియం 2019లో నగదు తీసుకోవడం మానేసింది. నోట్లు వేస్తే కార్డు ఇచ్చే యంత్రాలు కూడా పెట్టింది. ఆ రెండో పని చేయకుండా మొదటిది మాత్రమే చేస్తే, చేతిలో నోటు పట్టుకుని వచ్చిన పదేళ్ల పిల్లవాడు, కార్డు వాడని పెద్దాయన ఖాళీ చేతులతో వెళ్లాలి. ఏ కౌంటర్‌లో అయినా ఒక్కచోట నగదు ఉంచండి.

ఈ మార్గానికి అసలు అడ్డు యంత్రాలు కాదు, మనుషులు. సొంత గ్రౌండ్‌లో మ్యాచ్ ఇంచుమించు రెండు వారాలకొకటి. ఆ ఒక్కరోజు పనికి వచ్చేవాళ్లు ప్రతిసారీ కొత్తవాళ్లైతే ఎంత మంచి యంత్రమైనా దాని బటన్ వెతుక్కోవడానికే విరామం అయిపోతుంది. పోయినసారి వచ్చినవాళ్లే ఈసారీ రావడానికి, అదే కౌంటర్‌లో నిలబడటానికి కొంచెం ఎక్కువ కూలి ఇవ్వాల్సొచ్చినా ఇవ్వండి.

ధరలు తగ్గించడం

దీనికి అందరూ చూపించే ఉదాహరణ మళ్లీ ఆ అట్లాంటా స్టేడియమే. 2017లో తెరిచినప్పుడు హాట్‌డాగ్ 2 డాలర్లు, ఎన్నిసార్లైనా నింపుకోగల కూల్‌డ్రింక్ 2 డాలర్లు, బీరు 5 డాలర్లు అని పెట్టారు. పన్ను కలిపే ఆ ధర, చిల్లర బెడద లేదు. అక్కడ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఫాల్కన్స్ పాత స్టేడియంలో కంటే ధరలు సగానికి తగ్గాయి. అయినా అభిమాని సగటున పెట్టిన ఖర్చు మొదటి సీజన్‌లో 16 శాతం పెరిగిందని ఆ జట్టు ప్రకటించింది. మన ఫుట్‌బాల్ ఆడే అట్లాంటా యునైటెడ్‌కీ అదే గ్రౌండ్, అవే ధరలు.

ఇది విని వెంటనే ధరలు సగానికి కోసేయకండి. అక్కడ రెండు విషయాలు కలిసొచ్చాయి. ధర నిర్ణయించే హక్కు స్టేడియం యజమాని చేతిలోనే ఉంది. చాలా క్లబ్బులు తిండి అమ్మే హక్కుని ఏళ్ల తరబడి కాంట్రాక్టుకి ఇచ్చేసి ఉంటాయి. అలాంటిచోట ధర తగ్గించమని కమిటీ తీర్మానం చేసినా అది కాగితం మీదే ఉంటుంది. కాబట్టి ముందు ఆ కాంట్రాక్టు తీసి చదవండి. గడువు ఎప్పుడు ముగుస్తుంది, ధర మీద మాట ఎవరిది, కొత్త స్టాల్‌కి అనుమతి ఎవరివ్వాలి అన్నవి చూడండి. రెండోది, ఆ స్టేడియం కొత్తది, అమ్మే చోట్లు ఎక్కువ. పాత గ్రౌండ్‌లో కౌంటర్లు పెంచకుండా ధర తగ్గిస్తే కొనేవాళ్లు పెరుగుతారు, పావుగంట పెరగదు. జనం క్యూలోనే ఉండిపోతారు, తిట్లు క్లబ్‌కి.

మధ్యేమార్గం ఒకటుంది, నాకు ఇదే నచ్చుతుంది. మొత్తం మెనూ జోలికి పోకుండా మూడే మూడింటి ధర తగ్గించి సీజనంతా కదపకుండా ఉంచండి: నీళ్లు, ఒక వేడి పానీయం, కడుపు నిండే ఒక తిండి. నీళ్లైతే అసలు డబ్బు తీసుకోకుండా ఇవ్వండి. భద్రత పేరుతో గేటు దగ్గర సీసా మూత తీసి పారేసి, లోపల మళ్లీ నీళ్లు కొనమనడం కంటే అభిమానికి ఒళ్లు మండించే పని ఇంకోటి లేదు. ఒకటి గుర్తుంచుకోండి, తగ్గించిన ధర మళ్లీ పెంచితే అసలు తగ్గించనప్పటికంటే ఎక్కువ గొడవ అవుతుంది.

మెనూ మార్చడం

కమిటీలకి ఎక్కువ ఇష్టమైంది, నేను వెనక్కి నెట్టేదీ ఇదే. మంచి తిండి వద్దని కాదు. నిలబడి, ఒక చేత్తో, చలిలోనో ఎండలోనో, కళ్లు మైదానం మీద పెట్టి తినాల్సిన తిండి వేరు, హోటల్లో కూర్చుని తినే తిండి వేరు. బ్రిటన్‌లో ‘పై’ అనే మాంసం కూరిన పేస్ట్రీ, జర్మనీలో బన్ను మధ్య సాసేజ్, స్పెయిన్‌లో పొద్దుతిరుగుడు గింజల పొట్లం ఇన్నాళ్లు నిలబడ్డాయంటే రుచి ఒక్కటే కారణం కాదు. వాటికి పళ్లెం అక్కర్లేదు, చాకు అక్కర్లేదు, ముందే చేసి ఉంచుకోవచ్చు. కొత్త వంటకాన్ని కూడా ఇలాగే పరీక్షించండి. ఒంటి చేత్తో తినగలమా? చొక్కా మీద కారుతుందా? 20 సెకన్లలో చేతికివ్వగలమా? పక్కసీటు వాళ్లు వాసనకి ముక్కు మూసుకుంటారా?

మెనూతోనే పేరు తెచ్చుకున్న క్లబ్బులూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ 2015 నుంచి గ్రౌండ్‌లో పూర్తిగా వీగన్ తిండే (మాంసం, గుడ్లు, పాలు ఏవీ లేనిది) పెడుతోంది. పెద్ద నగరం కాదు, పెద్ద స్టేడియం కాదు, అయినా ఆ ఒక్క నిర్ణయంతో ప్రపంచమంతా పేరు విన్నారు. నార్విచ్ సిటీని వంటల రచయిత్రి డీలియా స్మిత్ కుటుంబం నడిపిన రోజుల్లో అక్కడి క్యాటరింగ్‌కి ఆమె పేరే బలం. రెండుచోట్లా యజమానికే దాని మీద పట్టుదల ఉంది. ఆ పట్టుదల లేకుండా, ఫ్యాషన్ అని నాలుగు స్టాళ్లు తెచ్చి పెడితే మూడు నెలల్లో అవి మూలన పడతాయి.

అయితే మెనూలో ఒక మార్పు మాత్రం వాయిదా వేయొద్దు. శాకాహారులకి, హలాల్ తినేవాళ్లకి, అలర్జీలున్నవాళ్లకి తలా ఒక మంచి పదార్థం ఉండాలి. ఒక్కటి చాలు, కానీ అది చివరిదాకా అయిపోకుండా దొరకాలి. శాకాహారి అడిగితే చిప్స్ పొట్లం చేతిలో పెట్టి పంపేయడం ఇంకా చాలా గ్రౌండ్‌లలో మామూలే. నలుగురు కలిసి వచ్చినప్పుడు ఒకరికి తినడానికి ఏమీ లేదంటే నలుగురూ బయటే తినేసి వస్తారు. క్లబ్‌కి పోయేది నలుగురి డబ్బు.

సీట్ల దగ్గర మద్యం

ఇక్కడ మన ఇష్టం కంటే చట్టం పెద్దది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1985 నాటి చట్టం ప్రకారం పెద్ద లీగుల మ్యాచ్‌లలో మైదానం కనిపించే చోట మద్యం తాగకూడదు. స్టాండ్ కింద నడవాలో కొనుక్కోవచ్చు, తాగొచ్చు, గ్లాసుతో మెట్లెక్కకూడదు. స్కాట్లాండ్‌లో 1980 కప్ ఫైనల్ తర్వాత గ్లాస్గో క్లబ్బులు సెల్టిక్, రేంజర్స్ అభిమానులు మైదానంలోకి దిగి కొట్టుకున్నారు. దాంతో సాధారణ ప్రేక్షకులకి గ్రౌండ్‌లో మద్యం అమ్మకమే ఆపేశారు. జర్మనీలో మాత్రం బీరు గ్లాసు పట్టుకుని స్టాండ్‌లో నిలబడటం మామూలు సంగతి. యూరోపియన్ పోటీల్లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా తన నిషేధాన్ని 2018-19 సీజన్ నుంచి సడలించి, నిర్ణయాన్ని స్థానిక చట్టానికి వదిలేసింది. ఖతార్‌లో 2022 ప్రపంచ కప్ మొదలవడానికి రెండు రోజుల ముందు స్టేడియాల దగ్గర బీరు అమ్మకం రద్దయింది.

అనుకూల వాదన బలమైనదే. చూస్తూ తాగే వీలు లేకపోతే పావుగంటలో గబగబా తాగుతారు, క్యూ అక్కడే పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో ఎంపీ ట్రేసీ క్రౌచ్ అధ్యక్షతన 2021లో వచ్చిన ఫుట్‌బాల్ నిర్వహణ సమీక్ష, కింది లీగుల్లో సీట్ల దగ్గర మద్యాన్ని ప్రయోగాత్మకంగా అనుమతించమని సూచించింది. మహిళల ఫుట్‌బాల్‌లో అలాంటి ప్రయోగం 2025లో కొన్ని క్లబ్బుల్లో మొదలైంది.

ప్రతికూల వాదన అంత గట్టిగా వినపడదు, ఎందుకంటే అది చెప్పేవాళ్లు మీటింగులకి రారు. గోల్ పడగానే గాల్లోకి లేచే గ్లాసులు, ముందు వరుసలో పిల్లల తలల మీద పడే బీరు, ఆట మధ్యలో పదేపదే లేచి వెళ్లేవాళ్లు. మీ చట్టం ఒప్పుకున్నా గ్రౌండంతా ఒకేలా తెరవక్కర్లేదు. కుటుంబాల స్టాండ్‌ని మద్యం లేకుండా ఉంచి, మిగతాచోట అనుమతించండి. జర్మనీలోలా గ్లాసుకి డిపాజిట్ తీసుకుని, తిరిగి ఇచ్చినప్పుడు వెనక్కి ఇస్తే చెత్తా తగ్గుతుంది, విసరడమూ కొంత తగ్గుతుంది.

నిలబడి చూసే స్టాండ్

వాతావరణం మీద అన్నిటికంటే ఎక్కువ ప్రభావం దీనిదే. అన్నిటికంటే ఎక్కువ ఆలోచించి చేయాల్సిందీ ఇదే.

1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో గ్రౌండ్‌లో జరిగిన తొక్కిసలాటలో మొత్తం 97 మంది అభిమానులు చనిపోయారు. దాని మీద 1990లో వచ్చిన టేలర్ విచారణ నివేదిక తర్వాత ఇంగ్లండ్ పై స్థాయి లీగుల్లో అన్నీ సీట్లే ఉండాలన్న నియమం వచ్చింది. తప్పు అభిమానులది కాదని, పోలీసుల వైఫల్యాలు ప్రధాన కారణమని 2016 విచారణ తేల్చింది. అయినా ఆ పేరు వినగానే కొందరికి నిలబడే స్టాండ్ అన్న మాటే గుచ్చుకుంటుంది. ఈ చర్చలో వాళ్ల మాట తేలిగ్గా తీసిపారేయకూడదు.

సీట్లు పెట్టినంత మాత్రాన నిలబడటం ఆగలేదు. గోల్ వెనక స్టాండ్‌లలో జనం సీట్ల ముందు మోకాళ్లకి సీటు తగులుతూ నిలబడుతూనే ఉన్నారు. అది ఇంకా ప్రమాదం. అందుకని నడుం ఎత్తులో కడ్డీ, దానికి మడిచే సీటు ఉన్న వరుసలు వచ్చాయి. గ్లాస్గోలో సెల్టిక్ 2016లో పెట్టింది. ఇంగ్లండ్‌లో 2022 జనవరి నుంచి కొన్ని క్లబ్బుల్లో ప్రయోగించి, 2022-23 సీజన్ నుంచి ప్రీమియర్ లీగ్, దాని కింది లీగ్ చాంపియన్‌షిప్ క్లబ్బులకి అనుమతిచ్చారు. అక్కడ ఒక టికెట్‌కి ఒకే చోటు, కాబట్టి కడ్డీలు పెడితే ఎక్కువ టికెట్లు అమ్మొచ్చన్న ఆశ పెట్టుకోకండి.

జర్మనీ దారి వేరు. డార్ట్‌మండ్ క్లబ్ దక్షిణ స్టాండ్‌లో లీగ్ మ్యాచ్‌లకి దాదాపు 25,000 మంది నిలబడి చూస్తారు. బెర్లిన్‌లో యూనియన్ క్లబ్ గ్రౌండ్‌లో దాదాపు 22,000 చోట్లుంటే సీట్లు నాలుగు వేలు కూడా లేవు. ఆ గ్రౌండ్‌ని 2008, 2009లలో రెండు వేలమందికి పైగా అభిమానులు జీతం లేకుండా పనిచేసి తిరిగి కట్టుకున్నారు. తాము మోసిన సిమెంటు మెట్ల మీద నిలబడి వాళ్లు పాడుతున్నారు. ఏ సౌండ్ సిస్టమ్ కంపెనీ అమ్మగలదు దాన్ని?

కడ్డీలకి డబ్బు లేకపోయినా చోటు ఎంపిక చేతిలోనే ఉంది. గొంతెత్తి పాడేవాళ్లంతా గోల్ వెనక, కింది భాగంలో, పైకప్పు నీడలో ఒకచోట ఉండేలా టికెట్లివ్వండి. పైకప్పు శబ్దాన్ని మైదానం వైపు తిప్పికొడుతుంది. అదే వంద మందిని వంద చోట్ల కూర్చోబెడితే ఒక్కరి పాటా వినపడదు. ప్రత్యర్థి జట్టు అభిమానులని ఎక్కడో పై మూలకి తోసేయడం పొరపాటు, వాళ్ల అరుపుకి జవాబుగానే సొంత స్టాండ్ లేస్తుంది. ప్రీమియర్ లీగ్ 2016-17 నుంచి ప్రత్యర్థి జట్టు అభిమానుల టికెట్‌కి 30 పౌండ్ల పరిమితి పెట్టడం వల్ల మేలు వాళ్లొక్కరికే కాదు, మ్యాచ్‌కే.

దీనికి చెల్లించే మూల్యం కూడా చూడండి. ఇరవై ఏళ్లుగా అదే సీటులో కూర్చుంటున్న పెద్దవాళ్లని కదిలించాలి. పొట్టివాళ్లకి, పిల్లలకి ముందు కనపడదు. వెనక వీల్‌చెయిర్ ప్లాట్‌ఫారం ఉంటే దాని ఎత్తు పెంచాలి. ఉన్న సీట్లో ఉండాలనుకునేవాళ్లకి అంతే మంచి చోటు ముందే చూపించాకే పని మొదలుపెట్టండి. శబ్దం భరించలేని పిల్లలూ అభిమానులే. సండర్లాండ్ క్లబ్ 2015లో ఆటిజం ఉన్న పిల్లల కోసం మైదానం కనిపించే ఒక ప్రశాంతమైన గదిని తెరిచింది. సందడి పెంచే బడ్జెట్‌లో అలాంటి గదికి కూడా కొంత కేటాయించండి.

ఫ్యాన్ జోన్, లైట్లు, మ్యూజిక్

ఫ్యాన్ జోన్ వల్ల ఒక గట్టి లాభం ఉంది. జనం గంట ముందే వస్తారు, గేట్ల దగ్గర చివరి నిమిషం ఒత్తిడి తగ్గుతుంది, లోపలికి వచ్చేసరికే కడుపు నిండి ఉంటుంది. వాన పడితే మాత్రం అంతా నీళ్లపాలు. చుట్టుపక్కల కొట్లవాళ్ల వ్యాపారం లాగేసుకుంటున్నారన్న మాట కూడా పడుతుంది. స్టాళ్లు వాళ్లకే ఇస్తే రెండు సమస్యల్లో ఒకటి తీరుతుంది.

లైట్లు, గోల్ పడగానే మోగే రికార్డు పాట గురించి ఎక్కువ చెప్పను. గోల్ పడ్డ క్షణంలో జనం గొంతు మీద స్పీకర్ గొంతు ఎక్కడం నాకు నచ్చదు. కిక్‌ఆఫ్‌కి ముందు పది నిమిషాలు స్పీకర్లు ఆపేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

మీ పరిస్థితికి ఏది?

*స్వచ్ఛంద సేవకులు నడిపే చిన్న క్లబ్ అయితే:* మీ ధరలు ఇప్పటికే తక్కువ, మీ క్యూ చిన్నది. ఒక్క మంచి వేడి పదార్థాన్ని మీ గుర్తుగా చేసుకోండి. మెనూ మీద డబ్బు పెట్టమని నేను చెప్పేది మీ ఒక్కరికే. మీ దగ్గర టీ పోసే మనిషికి ప్రతి అభిమాని పేరూ తెలుసు, అది పెద్ద స్టేడియాలకి దొరకదు.

*అద్దె గ్రౌండ్‌లో, చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్‌తో ఆడే క్లబ్ అయితే:* మీ శత్రువు దూరం. ఇటలీ క్లబ్ జువెంటస్ ట్రాక్ ఉన్న పెద్ద డెల్లె ఆల్పి స్టేడియాన్ని వదిలి, 2011లో దాదాపు 41,000 మంది పట్టే చిన్న స్టేడియానికి మారింది. సీట్లు తగ్గాయి, జనం మైదానానికి దగ్గరయ్యారు. మీకు మారే వీల్లేకపోతే ఉన్న జనాన్ని రెండు స్టాండ్‌లలోకి చేర్చి, మిగతావి మూసేయండి. కౌంటర్ల సిబ్బందీ అక్కడే సరిపోతారు. అద్దె గ్రౌండ్‌లో స్టాండ్ కట్టడం మీద డబ్బు పెట్టొద్దు.

*డబ్బున్న పెద్ద క్లబ్ అయితే:* వేగం, నిలబడే స్టాండ్ రెండూ చేయండి, కానీ తిండి, పానీయాలతో కలిపి అమ్మే ఖరీదైన హాస్పిటాలిటీ సీట్లు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో తాగుతూ రొయ్యల శాండ్‌విచ్‌లు తినేవాళ్లకి మైదానంలో ఏం జరుగుతోందో తెలియదని 2000లో ఆ జట్టు కెప్టెన్ రాయ్ కీన్ విరుచుకుపడ్డాడు. అలాంటి సీట్ల నుంచి వచ్చే డబ్బు వదులుకోమని ఎవరూ అనరు. టీవీ కెమెరాకి ఎదురుగా, మధ్య గీత దగ్గర వాటిని పెడితే రెండో సగం మొదట్లో ఖాళీగా ఉన్న ఆ సీట్లని ప్రపంచమంతా చూస్తుంది. టాటెన్‌హామ్ తన 17,500 మంది పట్టే దక్షిణ స్టాండ్‌ని ఒకే అంతస్తుగా కట్టి సాధారణ అభిమానులకి ఇచ్చింది, అది మంచి నమూనా.

*చేతిలో డబ్బు లేని అభిమానుల సంఘం అయితే:* మీరు అడగాల్సినవి నాలుగే. ఉచితంగా నీళ్లు, పాడేవాళ్లంతా ఒకచోట కూర్చునే టికెట్లు, బ్యానర్లు ముందురోజు లోపలికి తెచ్చుకునే అనుమతి, కిక్‌ఆఫ్‌కి ముందు స్పీకర్ల మౌనం. నాలుగింటికీ క్లబ్‌కి అయ్యే ఖర్చు దాదాపు లేదు, కాబట్టి కాదనడానికి కారణం చూపించడం వాళ్లకే కష్టం.

ఎవరైనా సరే, తీర్మానం రాసేముందు ఒక మ్యాచ్‌కి ఇద్దర్ని ఆట చూడటం మానిపించి పని అప్పగించండి. ఒకరు హాఫ్‌టైమ్‌లో క్యూ చివర నిలబడి, వస్తువు చేతికొచ్చేదాకా ఫోన్‌లో టైమ్ చూడాలి, ఒక్కో కౌంటర్ ఎంతమందికి ఇచ్చిందో లెక్కపెట్టాలి. ఇంకొకరు 50వ నిమిషంలో ఎదుటి స్టాండ్ ఫొటో తీసి, మొదటి సగంలో తీసిన ఫొటో పక్కన పెట్టాలి. రెండో ఫొటోలో ఖాళీలు బాగా కనిపిస్తే కొత్త స్టాళ్ల కొటేషన్లు పక్కన పెట్టి, కౌంటర్ల సంగతి చూడండి. రెండు ఫొటోలూ ఒకేలా ఉండి, గ్రౌండ్ మాత్రం చప్పగా ఉంటే మీ సమస్య తిండి కాదు. టికెట్ల ఆఫీసుకి వెళ్లి, పాడేవాళ్లని ఎక్కడెక్కడ కూర్చోబెట్టారో మ్యాపు అడగండి.